మినుముల మీదుగా

ఆ చప్పుడు మొదట నాన్నగారికే వినపడింది. ఉయ్యూరులో మా సందు మలుపు తిప్పుతుంటే, పక్క సీట్లో ఉన్న ఆయన తల కాస్త వంచి, "టక్కుటక్కుమంటోంది, ఏమిటమ్మా అది?" అన్నారు. నాకేమీ వినపడలేదు. "రోడ్డు బాగాలేదు నాన్నగారూ" అన్నాను. మర్నాడు నాకూ వినపడింది. ఇక ఆ తర్వాత ఇంకేదీ వినపడలేదు.

నాన్నగారికి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి నెలకోసారి బెజవాడలో ఇంజెక్షన్ చేయించాలి. ఒక్క నెల తప్పినా చూపు పోవచ్చని, పోతే తిరిగి రాదని డాక్టరమ్మ గట్టిగానే చెప్పారు. ఇంజెక్షన్ చేసిన కంటికి దుమ్ము తగలకూడదు కాబట్టి బస్సూ ఆటో కుదరవు. కిరాయి కారంటే నాన్నగారు ససేమిరా అన్నారు. ఒకసారి ఆ డ్రైవరు నడిపిన వేగానికి, ఉన్న ఒక్క కన్నూ ఇల్లు చేరేదాకా మూసుకునే కూర్చున్నారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఉన్నది ఈ పాత కారు, నడిపేది నేను. ఈసారి గురువారం రమ్మన్నారు.

ప్రతి మలుపు దగ్గరా "స్తోత్రం ప్రభువా" అనుకుంటూ స్టీరింగ్ తిప్పేదాన్ని. అది కృతజ్ఞతో భయమో నాకే తెలియలేదు. గ్రైండరు తిరుగుతున్నా అదే చప్పుడు. ప్రార్థనకి మోకాళ్ళ మీద ఉన్నా అదే. సోమవారం ఊళ్ళో మెకానిక్‌కి చూపిస్తే, మెయిన్ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చి, "బానే ఉందమ్మా, స్టీరింగ్ కింద కాస్త గ్రీజు పెట్టాను" అన్నాడు. మెయిన్ రోడ్డు తిన్నగా ఉంటుంది. మా సందు మలుపులోకి రాగానే, మళ్ళీ టక్కుటక్కు.

ఆ సాయంత్రం నాన్నగారు, "ఈ నెలకి వద్దులే అమ్మా. కాలవ పక్కన పోతుంటే స్టీరింగ్ పట్టేస్తే ఏం చేస్తావు?" అన్నారు.

"మీ కన్ను పోతే ఏం చేస్తాను?" అన్నాను. ఆయనతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

నాన్నగారు, "మెకానిక్‌కి ఏం చెప్పావు?" అని అడిగారు.

"చప్పుడు వస్తోందని."

"ఎప్పుడు? ఎటు తిప్పితే? ఏ చక్రం దగ్గర?"

అవేవీ నేను చూసుకోలేదు. చిన్నప్పుడు ఉబ్బసంతో నేను బడికి పోలేకపోయాను. నాన్నగారే అరుగు మీద కూర్చోబెట్టి చదువు చెప్పారు. చీమ గురించి రాయమన్నా, వాన గురించి రాయమన్నా ఆయన పద్ధతి ఒక్కటే: ఎందుకు అనేది తర్వాత, ముందు ఏం జరిగిందో చూసి రాయి. ఆ చదువు ఇచ్చినందుకు రోజూ దేవుడికి వందనాలు చెప్పుకునే నేను, పది రోజులుగా దాన్ని వాడనేలేదు.

మంగళవారం పొద్దున చర్చి ఆవరణ ఖాళీగా ఉంటే కారు అక్కడికి తీసుకెళ్ళాను. నాన్నగారు వెనక సీట్లో ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క కూర్చుని, అద్దం దించి చెవి బయటపెట్టారు. నేను మెల్లగా గుండ్రంగా తిప్పాను.

"ఎడమకి తిప్పితే లేదు. రాసుకో. ఇప్పుడు కుడికి. పూర్తిగా తిప్పు. ఆఁ, ఇదిగో! కొంచెం వేగం పెంచు. చూశావా, వేగంతో పాటు అదీ దగ్గరపడుతోంది. చక్రంతో తిరిగేదేదో అరుస్తోందమ్మా, స్టీరింగ్ కాదు. ముందు ఎడమ చక్రం."

చూపు సరిగా ఆనని మనిషి చెబుతుంటే, చూపున్న నేను రాసుకున్నాను.

బుధవారం ఆ చీటీ పట్టుకుని ఒక్కదాన్నే కంకిపాడు వెళ్ళాను. అక్కడి పెద్ద మెకానిక్ చీటీ చదివి నవ్వాడు. "ఎవరు రాశారమ్మా ఇది? నా పని సగం అయిపోయింది." ఎడమ చక్రం పైకి లేపి, లోపలికి చెయ్యి పెట్టి, ఎండిన తీగల ముద్ద ఒకటి బయటికి లాగాడు. "మినుముల మీద నడిపారా?"

నా మొహం వేడెక్కింది. చప్పుడు మొదలవడానికి ముందు వారం, బెజవాడ వైపు నుంచి తిరిగొస్తూ కంకిపాడు దాటాక, ఒక ముసలమ్మ, పీకిన మినప మొక్కల్ని రోడ్డంతా పరిచి, వచ్చే బండినల్లా చెయ్యి ఊపి ఆపుతోంది. "కాస్త దీని మీదుగా పోనియ్యి తల్లీ" అంది. చక్రాల కింద నలిగితే కాయలు విచ్చుకుంటాయి, ఆవిడకి నూర్పిడి తప్పుతుంది. అందరూ ఒక్కసారి పోతారు. నేను పుణ్యానికి పోయి, వెనక్కీ ముందుకీ నాలుగు సార్లు తిప్పాను. ఆవిడ చారెడు మినుములిచ్చింది. వాటిని బైబిలు పక్కన పెట్టి స్తోత్రం చెప్పుకున్నాను కూడా.

"తీగలు యాక్సిల్‌కి చుట్టుకుని రబ్బరు తొడుగుని కోసేశాయి. గ్రీజంతా పోయి జాయింట్‌లోకి మట్టి చేరింది. సాయంత్రానికి కొత్తది వేసిస్తాను" అన్నాడు.

వేశాడు. ఇంటికొచ్చి, దాచకుండా నాన్నగారికి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "రేపు ఆవిడ మళ్ళీ అడిగితే?" అన్నారు అంతే. నేను నిద్రపోలేదు.

గురువారం కంకిపాడు ఇంకా రాకముందే కనపడింది, అడ్డంగా పచ్చగా, గోధుమరంగుగా ఆ మినప మొక్కల పరుపు. పక్కనుంచి పోవడానికి చోటు లేదు. ముసలమ్మ నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ రెండు చేతులూ ఊపింది. నేను కారాపి దిగాను.

"అమ్మమ్మా, పోయినసారి ఇవి చుట్టుకుని బండి పాడైంది. మా నాన్నగారి కంటికి ఇంజెక్షనుంది. ఇవాళ ఎక్కించలేను."

"అయ్యో, మరి ఒక్కసారి పొమ్మంటే ఊరేగింపులాగా అన్నిసార్లు ఎవరు తిప్పమన్నారే నిన్ను?"

కార్లోంచి నాన్నగారి నవ్వు వినపడింది. ఆవిడ వంగి, పంగలకర్రతో మొక్కల్ని పక్కకి తోసి, చక్రాలకి సరిపడా రెండు దారులు చేసింది. వెనక లారీ హారన్ కొడుతుంటే, "ఆగరా నాయనా, కంటి పేషంటు!" అని అరిచింది. ఆ రెండు దారుల్లో మెల్లగా పోనిచ్చాను.

ఇంజెక్షన్ వేళకే అయింది. తిరుగు ప్రయాణంలో కంటికి కట్టుతో నాన్నగారు ముందు సీట్లోనే కూర్చున్నారు. మా సందు దగ్గర బండి తిరగ్గానే, "కుడికి తిప్పావు కదూ?" అని అడిగారు.

"తిప్పాను."

"ఏమీ లేదు."

"స్తోత్రం" అన్నాను. ఇల్లు పది గజాల దూరంలో ఉంది. అయినా దుమ్ము పడకుండా ఆయన వైపు అద్దం ఎత్తే ఉంచి, నా వైపుది దించి, నా చెవులతో విందామని ఇంకొక్కసారి సందు చుట్టూ తిప్పుకొచ్చాను.