ట్యాంకరు కింద కొరియా వాన

రాని భాషకు అర్థం చెప్పి, నిక్షేపంలాంటి కాపురాన్ని రెండు ఊళ్ల మధ్య వేలాడదీసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు మీరు చదువుతున్నది ఆవిడ రాసిందే. నా పుణ్యమా అని మా అత్త పుట్టింటికి పోయింది, మామకు జ్వరం తగిలింది, హిందూపురంలో ఒక వీధి వీధంతా ఆ పూట సగం బిందెలతో సరిపెట్టుకుంది. ఇంతకూ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఒక కొరియా సీరియల్ చూడటం.

రెండువేల దశకం సగం దాటిన రోజులవి. పెనుకొండ నుంచి బస్సులో హిందూపురం పోయి డిగ్రీ చదువుతున్నాను. నా స్నేహితురాలు పర్వీన్‌కు బెంగళూరులో పనిచేసే అన్న ఉన్నాడు. అక్కడ ఫుట్‌పాత్ మీద దొరికిన సీడీల కట్ట ఒకటి తెచ్చి చెల్లెలికిచ్చాడు. సొంత దేశంలోనే అప్పటికి పాతబడిపోయిన ప్రేమకథ అది. గొడుగులు బాగుచేసే దుకాణం నడిపే అమ్మాయి, టీవీలో వాతావరణం చెప్పే అబ్బాయి. వాడు ఎండ కాస్తుందంటే ఆ రోజు వాన ఖాయం. వాడి మాట నమ్మి తడిసినవాళ్లంతా ఈ పిల్ల దుకాణంలో దూరి వాణ్ని తిడుతుంటారు. ఒక రోజు వాడే తడిసి వస్తాడు. ఇంతే కథ. చెబితే ఇందులో ఏముంది అనిపిస్తుంది, చూస్తే లేవబుద్ధి కాదు. కొత్తవి ఎన్ని వచ్చినా జనం ఆ పాతదాన్నే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారో కనుక్కుందామని సెలవుల్లో సీడీల కట్ట సంచిలో వేసుకుని ధర్మవరంలో మా అవ్వ ఇంటికి బయల్దేరాను. కుతూహలం పిల్లిని చంపుతుందని ఇంగ్లీషువాళ్లు అంటారు గానీ, అది చంపేది పిల్లిని కాదు, పిల్లి పక్కనున్న వాళ్లను.

అవ్వ ఇంట్లో ఆ సమయానికి ఇంకో సీరియల్ నడుస్తోంది, అది మాటల్లేనిది. అవ్వ కొడుకు రామాంజి మామ, ఆయన భార్య అనసూయత్త ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని పట్టుచీరలు నేసేవాళ్లు. నెమలికంఠం రంగు చీర ఒకటి అత్తకు ప్రాణం. చెల్లెలి పెళ్లికి నేనే కట్టుకుంటాను, దీన్ని ఇవ్వొద్దు అని ముందే చెప్పింది. మామ మిగతా చీరలతో కలిపి దాన్ని కూడా షావుకారికి ఇచ్చేసి వచ్చాడు. అట్లాంటిదే ఇంకోటి నేద్దాంలే అన్నాడు గానీ, 'తప్పైంది' అన్న ఒక్క మాట ఆయన నోట రాలేదు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య పోగు మోసే నాడె అటూ ఇటూ పోతోంది తప్ప మాట పోవడం లేదు.

అటువంటి ఇంట్లో నేను సీడీ పెట్టాను. మధ్యాహ్నం మగ్గం ఆగినప్పుడు అవ్వ, అత్త, పక్కింటి రూతక్క గోడకానుకుని కూర్చునేవాళ్లు. తెర కింద ఇంగ్లీషులో అర్థం పడేది. అది చదివి తెలుగులో చెప్పడం నా పని. నా ఇంగ్లీషు ప్యాసింజరు బండి, ఆ అక్షరాలు ఎక్స్‌ప్రెస్సు. సగం దొరికేవి, మిగతా సగం నేను పూరించేదాన్ని.

అవ్వకు ప్రేమకథ కంటే ఆ దేశం మీద ఆసక్తి ఎక్కువ. వాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు విడవడం, నేలమీద కూర్చుని తినడం, ఎర్రటి ఊరగాయ లేకుండా ముద్ద దిగకపోవడం, పెద్దవాళ్లు కనిపిస్తే వంగి దండం పెట్టడం చూసి, వీళ్లెవరో మన తట్టు నుంచే పోయినోళ్లని తేల్చేసింది. ఆమెకు అర్థం కానిది ఒక్కటే.

"ఇంత వాన పడే ఊర్లో ఆ పిల్ల ఎందుకే ఏడుస్తాండాది?" అని అడిగేది. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లకు తప్ప ఆ ప్రశ్న ఇంకెవరికీ రాదు.

సగం కట్ట అయ్యాక నా నెత్తిన పిడుగు పడింది. తర్వాతి సీడీ పెడితే తెర కింద ఇంగ్లీషు లేదు. చీనా అక్షరాలున్నాయి, ముగ్గుల మాదిరి. అది తీసి ఇంకోటి పెట్టాను, దాంట్లోనూ ముగ్గులే. మిగిలిన కట్టంతా అంతే. అప్పుడే లేచి, నాకు తెలీదు అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మీకూ శ్రమ తప్పేది. కానీ ముగ్గురు ఆడవాళ్లు నా నోటికేసి చూస్తున్నారు. అప్పటికే వీధిలో నాకు కొరియా పాప అని పేరు కూడా వచ్చింది. పేరు నిలబెట్టుకోవడం కోసం పరువు పోగొట్టుకునే వయసు అది.

అంతే, నోటికొచ్చిన కథ చెప్పడం మొదలుపెట్టాను. తెల్లజుట్టు ముసలాయన వస్తే ఆ పిల్లకు చిన్నప్పుడే తప్పిపోయిన నాయన అన్నాను. ఇంకో దాంట్లో ఆయన ఉత్తరాల సంచి తగిలించుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే, కూతురి కోసం వెతుక్కుంటున్నాడని సర్దాను. రూతక్కకు మాత్రం అనుమానం వచ్చింది.

"వాడేమో అంతసేపు మాట్లాడినాడు. నువ్వు రెండు ముక్కలు చెప్తాండావు."

"కొరియా భాష అంతేక్కా, సాగదీస్తారు" అన్నాను.

కట్ట చివరికొచ్చింది. అబ్బాయి దుకాణం ముందు కుండపోత వానలో నిలబడ్డాడు. అమ్మాయి గుమ్మంలోకి వచ్చి ఏదో గట్టిగా అంది. ఏమంటుందా అని అత్త ముందుకు వంగింది. ఆమె ముఖం చూస్తే నాకు జాలేసింది, కాస్త ఊరట కలిగేలా చెబుదాం అనిపించింది. మంచి చేయబోయి ముంచడం అంటే ఇదే.

"నలుగురూ చూస్తాండగా వానలో నిలబడి తప్పైందని చెప్పు, అంతవరకూ నీ మొగం చూడను అంటాండాది అత్తా" అన్నాను.

తర్వాత ఆ అమ్మాయి సంచి తీసుకుని బస్సెక్కింది. పుట్టింటికి పోతోందని చెప్పాను. మర్నాడు పొద్దున అనసూయత్త కూడా సంచి తీసుకుని హిందూపురం బస్సెక్కింది. పోతూ పోతూ షరతు అవ్వకు చెప్పి పోయింది. అచ్చంగా నా మాటలే, ఒక్క అక్షరం జారిపోలేదు.

మామ ఖాళీ మగ్గం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆఖరికి నన్ను పిలిచి అడిగాడు.

"వానలోనే చెప్పల్లంటనా?"

"అవును మామా."

"కప్పలకు పెండ్లి చేస్తేనే పడని వాన, నా తప్పుకు పడుతుందా పాపా?"



సెలవులయ్యాక రోజూ కాలేజీ నుంచి అత్త పుట్టింటికి పోయి బేరాలాడాను. వాన లేకుండా చెబితే కుదరదా అన్నాను. ఆ పిల్లకు లేని తొందర నాకెందుకంది. పైగా తాను చూడకుండా వదిలి వచ్చిన సీడీల్లో కథేమైందో చెప్పమనేది. నేను చెప్పక తప్పేది కాదు, చెప్పిన కొద్దీ ఆ కొరియా పిల్ల పంతం పెరిగిపోయేది. నా నోరు నా అదుపులో లేదని అప్పుడే తెలిసింది. ధర్మవరంలో మగ్గం సగంలో ఆగిపోయింది. మామ ఒక్కడే నేయలేక, ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోలేక ఊరికే పోగులు సవరిస్తున్నాడని, సరిగ్గా తినడం లేదని అవ్వ కబురు చేసింది. అది విన్నాక నాకూ ముద్ద దిగలేదు.

ఒకరోజు పెనుకొండ కొండ మీద నల్లటి మబ్బు కనిపించింది. ధర్మవరానికి ఫోను కొట్టాను. మామ ఉన్నపళంగా రైలెక్కి హిందూపురంలో దిగేసరికి ఆ మబ్బు చిలమత్తూరు దాటి కన్నడ దేశానికి పోయింది. చొక్కా మీద చెమట తప్ప తడి లేకుండా మామ అత్త ఇంటి వీధి మొదట్లో నిలబడ్డాడు. పక్కన నేను. అప్పుడే నీళ్ల ట్యాంకరు వచ్చింది. హిందూపురంలో ట్యాంకరు వస్తే దేవుడి రథం వచ్చినట్టే, వీధిలోని ఆడవాళ్లంతా బిందెలతో చేరిపోయారు. అత్త కూడా బిందె చంకన పెట్టుకుని వరసలో నిలబడింది.

మామ ట్యాంకరును చూశాడు. వరసలో ఉన్న నలుగురిని చూశాడు. చెప్పులు విడిచి, నడిచి వెళ్లి, ట్యాంకరాయన లావుపాటి పైపు ఎత్తి నీళ్లు వదలగానే దాని కింద తల పెట్టాడు.

వీధి నోరు తెరిచింది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అంటారు గానీ, హిందూపురంలో అడుసు దొరకడమే కష్టం, కాలు కడగడం ఇంకా కష్టం. అలాంటి చోట ఒక మనిషి నిలువెల్లా తడుస్తున్నాడు.

"ఏమప్పా, స్నానానికి మా నీళ్లే దొరికినాయా?" అని ఒక పెద్దావిడ అడిగింది.

మామ కళ్లు మూసుకుని, "తప్పైంది అనసూయా" అన్నాడు.

నీళ్ల హోరులో అత్తకు వినిపించలేదు, లేదా వినిపించనట్టు నిలబడింది. ముందు నిలబడ్డ ఆడవాళ్లు ఒక నోటి నుంచి ఇంకో నోటికి ఆ మాటను వెనక్కి అందించారు. తప్పైందంట, తొందరగా ఒప్పుకో తల్లీ, నీళ్లు పోతాండాయి అన్నారు. అత్త బిందె కింద పెట్టింది. కొంగుతో మామ తల తుడుస్తూ, "పాంపా ఇంటికి, జలుబు చేస్తుంది" అంది. నెలల తర్వాత అత్త మామతో అన్న మొదటి మాట అదే.

కథ కంచికి పోవాల్సింది, తిరిగి ధర్మవరమే వచ్చింది. పర్వీన్ అన్న ఈసారి చివరిదాకా ఇంగ్లీషు ఉన్న సీడీలు పట్టుకొచ్చాడు. పర్వీన్‌కు పాపం ఏమీ తెలీదు, మా అవ్వకు ఇష్టమని సంతోషంగా తనే తెచ్చి పెట్టింది. నేను కరెంటు పోవాలని వేయి దేవుళ్లకు మొక్కాను. ఎప్పుడూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు. జ్వరం తగ్గిన మామ కూడా వచ్చి అత్త పక్కన కూర్చున్నాడు. పర్వీన్ ఇంగ్లీషు గడగడా చదివి అర్థం చెప్పింది. ముసలాయన ఎవరి నాయనా కాదు, పోస్టుమ్యాను. వానలో నిలబడ్డ అబ్బాయితో ఆ పిల్ల అన్నదేమిటంటే, "పిచ్చోడా, తడుస్తావెందుకు, లోపలికి రా." సంచి తీసుకుని పోయింది పుట్టింటికి కాదు, గొడుగు ఊచలు కొనడానికి.

 రూతక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీదే ఉంది. మామ నా వైపు తిరిగి అడిగాడు.

"అంటే నేను ఊరికే తడిసినానా?"

"ఊరికే ఏంది?" అంది అత్త. "నేను ఇంటికి రాలేదా?"

 అవ్వ పర్వీన్ వైపు తిరిగి, ఇదేదో దొంగ సీడీ ఉన్నట్టుంది, మా పాప చెప్పిందే బాగుండాది, దాన్నే పెట్టు అంది.

ఇప్పుడు కొరియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ దారిలో ఆ దేశం వాళ్లే కనబడుతున్నారు, వాళ్ల అక్షరాలతో బోర్డులు కూడా వెలిశాయి. మొన్న అవ్వను ఆసుపత్రికి తీసుకుపోతుంటే అలాంటి బోర్డొకటి చూపించి ఏమని రాసుండాదని అడిగింది. తెలీదన్నాను.

"ఆ పొద్దు తెలిసే చెప్పినావా? చెప్పు" అంది అవ్వ.

కాబట్టి పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా మా దగ్గర దొరకని నీటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నాకు రాని భాషకు ఇకమీదట అర్థం చెప్పను గాక చెప్పను. ఆ బోర్డు గురించి ఇల్లు చేరేదాకా అవ్వకు చెప్పిన కథ ఈ లెక్కలోకి రాదు, అది ప్రతిజ్ఞకు ముందు సంగతి.