ఇడ్లీ రేకులో గార్నెట్ రాయి

ముందే చెబుతున్నాను, ఇది చదివాక నా డిగ్రీ మీద మీకు గౌరవం మిగలదు. కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న మనిషి ఒక రాయినీ, ఒక ఇడ్లీ రేకునూ, అత్తగారి ఏడాది దుఃఖాన్నీ ఒకే ముద్దగా ఎలా అంటించిందో చెప్పబోతున్నాను. నవ్వండి. ఆనాడు నాకు నవ్వు రాలేదు కనుక నా వాటా కూడా మీరే నవ్వండి.

మాది జూలూరుపాడు. మా ఆయన రాళ్లు సానబడతారు. అడవి వాగుల్లో దొరికే ఎర్రటి గార్నెట్ రాళ్లను జనం తెచ్చిస్తే, వరండాలోని చక్రం మీద అరగదీసి ఉంగరాలకు పనికొచ్చేలా చేస్తారు. పగుళ్లున్న రాయికి చక్రం తగిలిందా, అటుకుల్లా రాలిపోతుంది. అందుకే ముందు రాయిని వెచ్చచేసి, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కాస్త కాస్త కలిపి పగుళ్ల మీద పలచగా రాస్తారు. ఆ వెచ్చదనానికి జిగురు లోపలికి ఇంకుతుంది. పైన మిగిలింది తుడిచేసి, మర్నాటిదాకా కదపకుండా ఉంచుతారు. ఇంతే పని. ఇందులో చెడగొట్టడానికి ఏముందని మీరు అడగవచ్చు. నన్ను అడగండి.

ఆ వానాకాలం ఆయన బల్ల మీదికి వచ్చిన రాయి బయటివాళ్లది కాదు. మా మరిది శామ్యూల్‌ది. బొగ్గు బావిలో పైకప్పు కూలి చనిపోయాడు. పెళ్లి కూడా కాలేదు. ఆ రాయి అతని చొక్కా జేబులో దొరికింది. అమ్మకు ఉంగరం చేయిద్దామని వాగులో ఏరి దాచుకున్నాడట. బండ అతని మీద పడ్డప్పుడే రాయికీ పగుళ్లు పడ్డాయి. ఏడాదిపాటు అత్తమ్మ దాన్ని కొంగున ముడేసుకుని తిరిగింది. అతను పోయి ఏడాది నిండే రోజు ప్రార్థన దగ్గరపడ్డాక ముడి విప్పి మా ఆయన చేతిలో పెట్టింది.

"వాడు పెడ్తనన్న ఉంగరం. ప్రార్థన నాటికి నా వేలికుండాలె" అంది. ఆ ఏడాదిలో ఆమె నోట నేను విన్న పొడుగైన మాట అదే.

ఇక నా సంగతి. మా చంటిపాప తుమ్మితే న్యుమోనియా అనీ, తుమ్మకపోతే ఊపిరి ఆడటం లేదేమో అనీ నేను భయపడే రోజులవి. పైగా ముసురు. పాపకు దగ్గు. తలుపులన్నీ మూసిన ఇంట్లో జిగురు ఘాటు.

మా ఆయన మెరుగు పొడి కోసం ఖమ్మం బయలుదేరారు.

"సునీతా, రాయిని ముట్టకు. పొద్దుగూకేవరకు వచ్చి నేనే జిగురు రాస్త."

"ప్రార్థన ఎల్లుండే కదండీ, ఎప్పుడు ఆరుతుంది?"

"ఆర్తది. నువ్వు పాపను జూస్కో, చాలు."

డిగ్రీ చదివిన ఆడదాన్ని "పాపను జూస్కో, చాలు" అనకూడదు. అంటే ఏమవుతుందో చూడండి. ఆయన సాయంత్రం జిగురు కలిపితే ఆ ఘాటంతా పాప ఊపిరితిత్తుల్లోకే పోతుందని తేల్చుకున్నాను. అత్తమ్మ పాపను ఎత్తుకుని పక్కింటికి వెళ్లగానే వంటింట్లో ల్యాబు తెరిచాను.

రాయికి అన్ని వైపులా సమంగా వేడి తగలాలి. అలా తగిలేది ఇడ్లీ పాత్రలోనే. రాయిని రేకు గుంటలో కూర్చోబెట్టాను. పలచగా రాస్తే పలచగా ఇంకుతుంది, నిండుగా పోస్తే నిండుగా ఇంకుతుందన్న సూత్రం అప్పటికప్పుడు కనిపెట్టి, రెండు ట్యూబులూ మొత్తం పిండి కలిపి గుంట నిండా పోశాను. నీళ్లు లేని పాత్రలో పెట్టి, మూతేసి, కిరసనాయిలు స్టవ్ వెలిగించాను. ఇడ్లీ రేకుకు నూనె రాయాలని ఎవరికి తెలియదు? కానీ నేను చేస్తున్నది ఇడ్లీ కాదు, సైన్సు.

మూత సందుల్లోంచి పొగ లేచాక సైన్సు కాదని అర్థమైంది. తీసి చూస్తే గుంటలో జిగురు బెల్లం పాకంలా బుసబుసా పొంగుతోంది. దించాను. చల్లారింది. బోర్లించాను. రాలేదు. కత్తితో గీకాను. కత్తి వంగింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. జిగురు పోయనేల, రేకు గీకనేల?

ఆయన తడిసి వచ్చారు.

"ఏందే గిది?"

"ఇడ్లీ రేకు."

"అది కనబడ్తనే ఉన్నది. రాయేది?"

"అందులోనే భద్రంగా ఉందండీ."

"గింత భద్రమా! బ్యాంకు లాకర్ గూడ గిట్లుండదు గదనే!"

"ఇంకొంచెం వేడి చేస్తే ఊడుతుందేమో…"

"ఇంకింత కాలిస్తే ఉన్న పగుళ్లు నోర్లు తెరుస్తయ్. ఇంక సుత్తే దిక్కు. రాయి మిగుల్తదో లేదో నాకెరుక లేదు."

ఆయన ఉలి ఆనించి సుత్తి ఎత్తారు. అప్పుడే పాపతో గడపలో నిలబడింది అత్తమ్మ.

"ఏం గొట్టబోతున్నవ్ రా?"

ఆయన చెప్పారు. ఆమె ముఖం బండబారింది.

"దాని మీద దెబ్బ పడుడు ఒక్కసారి చాలదా? దించు సుత్తి."

దించారు. పాపను నా చేతికిచ్చి, ఆమె రేకును కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లింది. గోధుమరంగు జిగురు అడుగున ఎర్రగా, మసకగా రాయి. ఇక అది సాన ఎక్కదు, ఉంగరమూ కాదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. "అత్తమ్మా, తప్పయింది" అందామనుకున్నాను.

ఆమె గోటితో ఆ ముద్ద మీద ఠక్కు ఠక్కుమని కొట్టింది. మళ్లీ కొట్టింది.

"పెండ్లయి వచ్చినకాడి నుంచి నీ ఇడ్లీలు తింటున్న బిడ్డా. వాటన్నిట్ల ఇదే జర మెత్తగున్నది."

మా ఆయన పకపకా నవ్వి, తప్పు చేసినట్టు నోరు మూసుకున్నారు. కానీ అత్తమ్మ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది. నవ్వి నవ్వి, ఆ నవ్వు ఆగక, అదే ఊపులో ఏడుపైంది. కొడుకును ఇంటికి తెచ్చిన రోజు కూడా ఆమె ఏడవలేదు. ఆ సాయంత్రం రేకును గుండెకు పట్టుకుని, "సామూ, సామూ" అంటూ వీధికి వినపడేలా ఏడ్చింది. మేం పక్కన కూర్చున్నాం.

ప్రార్థన రోజున ఆమె వేలు బోసిగానే ఉంది. తెల్లగుడ్డలో చుట్టిన ఇడ్లీ రేకు ఒళ్లో ఉంది. పాస్టరుగారు రెండుసార్లు అటు చూసి, కీర్తన ఎత్తుకున్నారు.

కనుక నా డిగ్రీ సాక్షిగా, కిరసనాయిలు స్టవ్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ రెండు ట్యూబుల జిగురు ముట్టను, వంటింట్లో సైన్సు చేయను, "ముట్టకు" అన్నదాన్ని ముట్టను. ఇడ్లీలు కూడా మానేస్తానన్నాను గానీ, అత్తమ్మే ఒప్పుకోలేదు.

"చెయ్యి బిడ్డా. వానకు పెరటి గోడ కూలింది గద, ఇటుకలకు పనికొస్తయ్."