మెరవణిలో ఆగిన కారు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా వీధి అంతా మగ్గాల చప్పుడే. ఒక్క ఇంట్లో నుంచి మాత్రం ఇనుము చప్పుడు వచ్చేది. అది మా పక్కింటి మేస్త్రీ మామది. వాళ్ళు సాయిబులు, మేము నేతోళ్ళం. రెండిండ్లకూ నడిమి గోడ ఒకటే. మా ఇంట్లో పప్పు పోపు పెడితే వాళ్ళ ఇంట్లో తుమ్మేవాళ్ళు. లారీలు, జీపులు, ఆయిలు ఇంజన్లు, ఏది మొండికేసినా ఆయన దగ్గరికే వచ్చేది.

ఆయన రేకుల షెడ్డులో ఒక కారు ఉండేది. ఎర్రది, ఇద్దరే కూర్చునేది, పైన మడిచిపెట్టే గుడ్డ టాపు, ముందర బారెడు ముక్కు. ఏ దొర తెచ్చినాడో, ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలీదు. ఆఖరుకు ఒక పత్తి మిల్లు సావుకారు విసిగిపోయి వదిలేస్తే, మామ దాన్ని ఎద్దుల బండికి కట్టి లాక్కొచ్చుకున్నాడంట. ఇది పందేలలో పరుగెత్తే కార్ల జాతి అని ఆయన గొప్పగా చెప్పేవాడు. పందేలు మా ఊర్లో యాడివి? దానికి దొరికిన పని పెండ్లి మెరవణులే. టాపు మడిచి, వెనక దుప్పటి పరిచి, పెండ్లి జంటను దాని మీద కూర్చోబెట్టి, మేళగాళ్ళ వెనక ఎద్దు నడకన నడిపించేవాళ్ళు. ఎమ్మిగనూరులో మెరవణి వీధులు పొట్టివి. తప్పెట నాలుగు దరువులు మోగేలోపు ఇల్లు వచ్చేసేది. అందుకే ఆ కారులో ఉన్న లోటు ఎప్పుడూ బయటపడలేదు.

మా చిన్నత్తకు, అంటే మా నాయన చెల్లెలికి, ఆదోనిలో సంబంధం కుదిరింది. ఆమె నవ్వితే మూడిండ్ల అవతలికి వినపడేది. మేస్త్రీ మామకు తోబుట్టువులు లేరు. మా చిన్నత్తనే చెల్లీ అని పిలిచేవాడు. ఆమె పెండ్లి మెరవణికి కారు నాదే అని పట్టుబట్టి, దాన్ని రెండు దినాలు కడిగి తుడిచినాడు. అంతటితో ఊరుకోలేదు. ముందు అద్దం చుట్టూ, తలుపుల మీద, ముక్కు పొడుగునా రంగు బల్బుల తీగ చుట్టి, దాన్ని కారు బ్యాటరీకి కలిపినాడు. అట్లా వెలిగే కారును మా దిక్కు ఎవరూ చూసిండలేదు.

ఆదోనిలో సత్రం కాడ పొద్దుగూకే వేళకు మెరవణి పెండ్లికొడుకు ఇంటి దిక్కు కదిలింది. ఆ వీధి చాలా పొడుగు. నేను కారు పక్కనే నడుస్తున్నాను, కండ్లన్నీ ఆ బల్బుల మీదనే. ముక్కాలు దూరం పోయినాక, పరుపులు కుట్టే అంగడి ముందర, కారు రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. మామ దిగి మూత ఎత్తినాడు, హ్యాండిలు వేసి తిప్పినాడు, చెమటలు కారినాయి. కారు పలకలేదు. మేళగాళ్ళు కాసేపు వాయించి వాళ్ళూ ఆపేసినారు. ఆఖరుకు పది మంది వెనకనుంచి తోసినారు. పెండ్లికూతురు తల వంచుకోని కూర్చుంది. తోస్తున్న వాళ్ళలో ఎవడో, "బండి మొదలే ఇట్లుంటే సంసారం ఎవరు తోయాలప్పా!" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆ నవ్వు అంతటితో పోయిందనుకున్నాం.

పెండ్లయిన తొమ్మిదో దినం పెండ్లికొడుకు తండ్రి అన్నం ముందర కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగి పోయినాడు. కర్మలు అయిపోయిన మరుసటి దినమే మా చిన్నత్తను ఒక ట్రంకు పెట్టెతో మా ఇంట్లో దించి పోయినారు. మెరవణిలో కారు ఆగినప్పుడే అర్థం చేసుకోవాల్సింది అన్నారంట. ఎడమ కాలు పెట్టి కారు ఎక్కిందన్నారంట. ఆమె కాలు మంచిది కాదన్నారంట.

అప్పటినుంచి మా ఇల్లు మారిపోయింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఆమే తనను తాను అనుకుంది. ముందు వాకిలి తొక్కడం మానేసింది. దొడ్డి తలుపు గుండా వచ్చేది, దొడ్డి తలుపు గుండా పోయేది. మా నాయన నూలుకు బయలుదేరుతుంటే గింజల గాదె వెనక దాక్కునేది, ఎదురు రాకూడదని. నా జడ వేయమని కూర్చుంటే చెయ్యి వెనక్కి తీసుకునేది. ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. మగ్గం గుంటలో ఆమె కాళ్ళు పెట్టక ఆ మగ్గం ఒకటి మూగబోయింది.

లారీ పని మీద ఊరు పోయిన మేస్త్రీ మామకు ఈ సంగతి నాలుగు దినాల తర్వాత తెలిసింది. గోడ మీదనుంచి తొంగి చూసి మా తాతను అడిగినాడు. "ఏందప్పా ఇది? కారు ఆగితే బిడ్డను పంపిస్తారా యాడన్నా?"

మా తాత మెత్తని మనిషి. ఆ దినం మాత్రం తల ఎత్తకుండా, "ఆగింది నీ కారే గదప్పా" అన్నాడు.

మామ గోడ దిగిపోయినాడు. మూడు దినాలు వేరే పని ముట్టలేదు. కారు ముక్కు విప్పి గోనెసంచి మీద ఒక్కొక్కటీ పరిచినాడు. ప్లగ్గులు గీకినాడు, పెట్రోలు గొట్టం ఊదినాడు, కార్బురేటరు విప్పి సన్న కంతలో తీగ దూర్చి చూసినాడు. దుమ్ము లేదు, నీళ్ళు లేవు. మళ్ళీ బిగించి మాధవరం దాకా పోయి వచ్చినాడు. కారు బాణం మాదిరి పోయింది, బాణం మాదిరి వచ్చింది. దిగి, కారు ముక్కు మీద చెయ్యి ఆనించి, "ఊరికే ఉన్నప్పుడు మంచిదానివే. ఆ పొద్దే ఏమొచ్చిందే నీకు" అని దాన్నే అడిగినాడు. బండి ఏదన్నా ఆగితే తెచ్చిన వెంటనే బ్యాటరీని ఛార్జింగుకు వేయడం ఆయన అలవాటు. మెరవణి అయిన మరుసటి దినమే అట్లా వేసినాడు. ఆ మంచి అలవాటే రోగాన్ని దాచిపెట్టిందని అప్పటికి ఆయనకు తోచలేదు.

ఇక మనుషులను అడగడం మొదలుపెట్టినాడు. మెరవణికి వచ్చిన మా వాళ్ళనందరినీ కూర్చోబెట్టి, కారు ఆగేముందు ఏం జరిగింది అని అడిగినాడు. ఒకరు పిల్లి అడ్డం వచ్చిందన్నారు. ఒకరు ఎడమ కాలు అన్నారు. మా అమ్మ హారతి ఆరిపోయిందంది. అందరూ ఆమె కాలినే చూసినారు గానీ కారును చూసినవాళ్ళు లేరు. ఆఖరుకు వాకిట్లో రాళ్ళాట ఆడుతున్న నన్ను పిలిచినాడు.

"బేటీ, నువ్వు కారు పక్కనే నడిచినావు గదా. చిన్నత్త ఏ కాలు ముందు పెట్టింది?"

"నేను చూడలేదు మామా. నేను బల్బులు చూస్తాంటి."

ఆయన నా ముందర గొంతుక్కూర్చున్నాడు. "బల్బులు ఏం చేసినాయి? మొదటి నుంచి చెప్పు. ముందు ఏమాయ, ఆ తర్వాత ఏమాయ? ఒక్కటి కూడా ఎగరగొట్టద్దు."

చదువు నాకు రెండో తరగతితోనే ఆగింది గానీ, చూసింది చూసినట్టు చెప్పడం దేవుడు ఇచ్చినాడు. సత్రం కాడ పచ్చ బల్బు పచ్చగా, నీలం నీలంగా ఉన్నాయని చెప్పినాను. సోడా అంగడి కాడికి వచ్చేసరికి అన్నీ ఒకే రంగుకు తిరిగినాయని, ఆరిపోయే నిప్పు మాదిరి ఎర్రబడినాయని చెప్పినాను. ఆ తర్వాత హారను గొంతు రాసుకుపోయినట్టు కూసిందని, ఆ తర్వాతే కారు దగ్గిందని చెప్పినాను. ఎవరూ నన్ను అడగలేదు, అందుకే చెప్పలేదు అన్నాను.

అప్పుడు దొడ్డి తలుపు చాటునుంచి ఒక గొంతు వచ్చింది. దినాల తరబడి మాకు వినపడని గొంతు.

"కింద టిక్కు టిక్కుమని కొట్టుకుంటాండె అన్నా. నేను కూసున్న తావు కిందనే. ఒంటికి తగుల్తాండె. అది మెల్లమెల్లంగా నిదానమై నిలిచిపాయ. అది నిలిచినాక కారు నిలిచె. నా గుండె అనుకుంటి."

"అది నీ గుండె కాదు చెల్లీ, పెట్రోలు పంపు" అన్నాడు మామ. ఆ మాట అంటూ ఆయన కండ్లు తుడుచుకోవడం నేను చూసినాను.

నాకు అర్థం కావాలని ఆయన తన సైకిలును తెచ్చి తిరగేసి నిలబెట్టినాడు. పెడలును నెమ్మదిగా తిప్పమన్నాడు. తిప్పినాను. సైకిలు లైటు మిణుకు మిణుకుమనింది. గట్టిగా తిప్పమన్నాడు. లైటు భగ్గుమనింది. కారులో కూడా ఇట్లాంటి డైనమో ఉంటుందంట. కారు పరుగెత్తితేనే అది బ్యాటరీకి మేత వేస్తుంది. ఎద్దు నడక నడిస్తే మేత పడదు. మేత లేని బ్యాటరీ మీద అన్ని బల్బులు వెలిగిస్తే అది ఎండిపోతుంది. అది ఎండితే పెట్రోలు పంపు కొట్టుకోదు, ప్లగ్గుల్లో నిప్పు పుట్టదు. పరుగెత్తడానికి పుట్టినదాన్ని మనం నడిపించినాం, పైగా దాని మీద దీపాలు మోయించినాం అన్నాడు. ఆ దీపాలు కట్టింది ఎవరో ఆయన చెప్పలేదు. మాకందరికీ తెలుసు.

"ఈడ చెప్పి ఏం లాభం, ఆడ చూపియ్యాల" అన్నాడు.

రెండు దినాల తర్వాత కారుకు మళ్ళీ ఆ బల్బుల తీగే చుట్టుకోని ఆదోనికి పోయినాడు. మా తాత, నేను, చిన్నత్త బస్సులో పోయినాం. చిన్నత్త రానంది. మా తాత చెయ్యి పట్టుకోని తీసుకొచ్చినాడు. పొద్దు ఇంకా బాగా ఉంది, మెరవణి నాటి మాదిరి కారు ముందు దీపాలు వేసే పని లేదు. సత్రం కాడనుంచి మామ ఒక్కడే ఖాళీ కారులో బల్బులు వెలిగించుకోని, మనిషి నడిచినంత నిదానంగా బయలుదేరినాడు. పిల్లలు వెంటబడినారు. "పెండ్లికూతురు యాడ సాయిబూ?" అని ఒకడు, "నువ్వే పెండ్లికొడుకా?" అని ఒకడు. ఆయన చూపంతా బల్బుల మీదనే. మేము నలభై అడుగులు వెనక నడిచినాం. చిన్నత్త కొంగును నోటికి అడ్డం పెట్టుకుంది. సోడా అంగడి వచ్చింది. బల్బులు ఎర్రబడలేదు. నేను తప్పు చెప్పినానేమో అనుకున్నాను. పరుపుల అంగడి కూడా దాటింది. ఇంకో నాలుగిండ్లు దాటినాక బల్బులు నిప్పు రంగుకు తిరిగినాయి. హారను గొంతు రాసుకుపోయింది. కారు రెండు సార్లు దగ్గి ఆగిపోయింది.

పెండ్లికొడుకు ఇల్లు అక్కడికి పిలుపు దూరం. వాకిట్లో జనం గుమిగూడినారు. తెల్ల చీరలో ఆ ఇంటి తల్లి అరుగు మీదికి వచ్చింది. మామ ఆమె ముందర చేతులు కట్టుకోని నిలబడి, అంతమంది వినేటట్టు చెప్పినాడు. "అమ్మా, ఈ దినం కారులో పెండ్లికూతురు లేదు. అయినా ఆగింది. ఈ లైట్లు కట్టింది నేను. తప్పు నాది. ఆ బిడ్డ కాలుది కాదు."

ఆమె కారును చూసింది. అరిచి తిడుతుందేమో అనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు. "నీ కారుకు బ్యాటరీ అయిపాయ. సరే. మరి మా ఆయనకు ఏమి అయిపాయ? అది చెప్పు నాయనా" అంది.

మామ తల వంచినాడు. "అది నాకు తెల్దమ్మా. తెలీనిది తెల్దనే చెప్తా. తెలిసింది ఇదొక్కటే, అది చెప్పి పోదామని వస్తి."

పెండ్లికొడుకు తలుపు రెక్క పట్టుకోని నిలబడి ఉన్నాడు. చిన్నత్తను చూసినాడు. ఒక అడుగు ముందుకు వేసినట్టే వేసి, తల్లి మొగం చూసి ఆగినాడు. ఆ అడుగు ఎందుకు ఆగిందో కనిపెట్టే మేస్త్రీ ఎవరూ లేకపోయినారు. తలుపు మూసుకుంది.

బ్యాటరీ ఛార్జింగు అంగడి దాకా కారును తోసుకుంటూ వెనక్కి తిప్పినాం. ఈసారి తోసేదానికి ఎవరూ రాలేదు. మా తాత, మామ, చిన్నత్త, నేను. చిన్నత్త కొంగు నడుముకు దోపుకోని గట్టిగా తోసింది.

వాళ్ళు ఆమెను మళ్ళీ పిలవలేదు. ఏడాది తిరక్కుండా ఆ అబ్బాయికి దేవనకొండ దిక్కు ఇంకో పెండ్లి చేసినారు. మామకు మెరవణి పనులు పోయినాయి. తన నోటితో తానే ఒప్పుకున్నాడు గదా, ఇక ఎవరు పిలుస్తారు? కారు మీద గోనెలు కప్పినాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ అది ఆ షెడ్డులోనే ఉండి, కోళ్ళకు గూడైంది.

కారు తోసిన ఆ సాయంత్రం ఎమ్మిగనూరుకు వచ్చినాక మా చిన్నత్త దొడ్డి దిక్కు తిరగబోయి ఆగింది. తర్వాత ముందు వాకిలికి వచ్చి, గడప దాటి లోపలికి పోయింది. ఏ కాలు పెట్టిందో నేను చూడలేదు. మరుసటి పొద్దున ఆమె మగ్గం పలికింది. ఆ నవ్వు మాత్రం తిరిగి రాలేదు. నలభై ఏండ్లు ఆ గుంటలో కూర్చోని చీరలు నేసింది, అన్నీ ఎవరివో పెండ్లి చీరలు. పోయినప్పుడు ఆ ముందు వాకిలి గుండానే తీసుకుపోయినాం.

నిరుడు ఎండాకాలం నా మనవడి పెండ్లాం మొదటిసారి మా ఇంటికి వచ్చిన గడియలోనే బోరు మోటరు కాలిపోయి వాసన కొట్టింది. నా కోడలు నోరు తెరిచింది. ఆమె ఏమనబోతోందో నాకు తెలుసు. నేను చేతికట్టె నేల మీద గట్టిగా కొట్టి, "ముందు ఏమాయ? లైటు తగ్గినాక మోటరు మూలిగిందా, మోటరు మూలిగినాక లైటు తగ్గిందా? చూసినవాళ్ళు చెప్పండి, చూడనివాళ్ళు ఊరికే ఉండండి" అన్నాను. ఇంట్లో ఎవరూ చూసిండలేదు. అందరూ ఊరికే ఉన్నారు. ఆ పిల్ల కాలు ఇంకా గడప మీదే ఉంది.

"నువ్వు లోపలికి రా తల్లీ" అన్నాను. "మోటరు సంగతి మేస్త్రీ వచ్చి చూసుకుంటాడు."