గంజి వరుసలో కదిరమ్మ

రాప్తాడుకు అవతల ఆ ఊళ్లో సుబ్బలక్ష్మమ్మ చేతి సంగటి తినని మనిషి లేడు. చెనక్కాయ పీకే రోజుల్లో కూలోళ్లకు ఆమే వండేది. నోరు గట్టిదే గానీ, పళ్లెం ముందు కూర్చున్నవాణ్ని అర్ధాకలితో లేపిన పాపాన పోలేదు. అలాంటి ఆమెను 2003 కరువులో ఊరంతా అత్తకు కూడు పెట్టని కోడలంది.

కారణం అత్త కదిరమ్మే. పొద్దున సంగటీ ఊరిబిండి పచ్చడీ తిని, చెయ్యి కడుక్కుని, సత్తు గిన్నె పట్టుకుని కరువని బడి దగ్గర తెరిచిన గంజి కేంద్రానికి పోయేది. "మా కోడలు కూడు పెట్టల్యాదప్పా" అని వరుసలో నిలబడేది. గంజి పోసే బయ్యన్న అయ్యో అంటూ పోసేవాడు. భూమున్న ఇంటి పెద్దావిడ గంజికొస్తే ఊళ్లో చెప్పుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

సుబ్బలక్ష్మమ్మకు ముందు వచ్చింది కోపమే. కాపురానికొచ్చిన నాటి నుంచీ అత్తతో పడదు. పరువు తీయడానికే ఇదంతా అనుకుంది. ఒకనాడు తిన్న పళ్లెం కడగకముందే "నాకు పెట్టవా?" అని కదిరమ్మ అడిగింది. ఆ మొహంలో కచ్చ కనబడలేదు, ఆకలి కనబడింది. అప్పుడు భయమేసింది. మొగుడు వెంకటరాముణ్ని వెంటబెట్టుకుని అత్తను అనంతపురంలో డాక్టరుకు చూపించింది.

పరీక్షలయ్యాక ఆయన అల్జీమర్స్ అన్నాడు. "మెదడు కణాల చుట్టూ అమిలాయిడ్ అనే ప్రొటీను గడ్డకడుతుందమ్మా. ముందు కణం లోపలే పేరుకుని, లోపల్నుంచే దాన్ని చెడగొడుతుందని ఇప్పుడు కొందరు పరిశోధకులు అంటున్నారు. ఇంకా పూర్తిగా తేలలేదు. నయం చేసే మందు లేదు."

"అంటే మా అత్త నా మీద కచ్చతో అంటాండేది కాదా సార్?"

"కాదమ్మా. తిన్న సంగతి ఆమెకు నిజంగానే గుర్తుండదు."

ఊళ్లో చెబితే నవ్వారు. ప్రొటీనంటే వాళ్లకు అంగన్‌వాడీ గోడ మీద బొమ్మలేసిన గుడ్లూ పప్పులే. "పప్పు ఎక్కువై మతి పోయిందంటనా? అంత బాగా తింటాంటే ఈడికెందుకొస్తాది అక్కా?" అన్నాడు బయ్యన్న. వెంకటరాముడు ఇంకా నాలుగాకులు ఎక్కువ చదివాడు, తల్లి పళ్లెంలో పప్పు మాన్పించాడు. సుబ్బలక్ష్మమ్మ మొగుణ్ని బాగా దులిపి మళ్లీ వేసింది.

గిన్నె దాచిపెడితే కదిరమ్మ చెంబు పట్టుకుపోయింది. తలుపు గడియ పెడితే వీధంతా వినబడేలా ఏడ్చింది. ఇక దారిలో ఎక్కడ పడిపోతుందోనని కోడలే వెంట నడవడం మొదలుపెట్టింది. ఊరు చూస్తుండగా అత్త వెనకాల గంజి వరుసలో నిలబడింది. తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు గంజి పోయించుకుని కదిరమ్మ వెనక్కి తిరిగింది. కోడల్ని ఎగాదిగా చూసింది. గుర్తుపట్టలేదు.

"నీ చేతిలో గిన్నె గూడా ల్యాదే. నీకు పెట్టేవాళ్లు ఎవురూ లేరా తల్లీ?"

కదిరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని బడి అరుగు మీద కూర్చోబెట్టి, గిన్నె చేతికిచ్చింది.

"తాగు. మొగమాటం వద్దు. నాకేమి, ఇంటికాడ మా కోడలుండాది, పెడతాది."

బయ్యన్న గరిటె ఆపాడు. వరుసంతా విన్నది. సుబ్బలక్ష్మమ్మ ఎవరి వైపూ చూడలేదు. ఏడుస్తూ గంజి తాగింది.