చివరి ఇంటి బొమ్మ

వేలూరు దగ్గర మా గుడియాత్తంలో కేబుల్ రంగరాజులును తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఆరేళ్ళుగా మా వీధులకు టీవీ లైను వేసింది, తెగితే అతికింది, వానకు తడిసిన యాంప్లిఫయర్ పెట్టెలు విప్పి ఆరబెట్టింది అతనొక్కడే. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. నా నోరూ అంతే గనక మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

అతని పనికి ఒక పద్ధతి ఉండేది. లైనులో ఆఖరి ఇల్లు తనదే అయ్యేలా తీగ లాగాడు. దూరం పోయేకొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది. ఆఖరి ఇంట్లో బొమ్మ బాగుంటే మధ్యలో అందరికీ బాగున్నట్టేనని అతని లెక్క. స్తంభమెక్కి పెట్టె సరిచేస్తూ భార్య చిన్నమణికి ఫోన్ చేసేవాడు. ఆమె బాగుండాది అనేదాకా దిగేవాడు కాదు. సిగ్నల్ కొలిచే మీటరు కిందపడి పగిలాక ఇంకొకటి కొననే లేదు.

"మీటరు అంకెలే చెప్తాది అన్నా. చిన్నమణి బొమ్మ చెప్తాది" అనేవాడు.

రెండేళ్ళ కిందట మా ఇంట్లో బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోవడం మొదలైంది. మాట వస్తుంది, మనిషి మొహం రాదు. మా ఇల్లు అతని ఇంటికి ముందుదే. చెబితే వింటేగా! స్తంభమెక్కుతాడు, ఇంటికి ఫోన్ చేస్తాడు, దిగొచ్చి నామీదే ఎగురుతాడు.

"మా ఇంట్లో బాగుండాది. మీ టీవీనే పోయుంటాది. సుమ్మా ఊరికే అరవొద్దు!"

పొద్దంతా స్తంభాల మీద తిరిగేవాడికి ఇంట్లో టీవీ ముందు కూర్చునే తీరిక ఎక్కడిది? వీధివాళ్ళు ఒక్కొక్కరే విసిగి లైను తీసేయించుకుని డిష్షులు పెట్టుకున్నారు. మూడు వందల ఇళ్ళు అరవైకి దిగాయి. భార్య బెంగపడుతుందని రంగరాజులు ఆ సంగతి ఇంట్లో పొక్కనివ్వలేదు. నేను మాత్రం పంతానికి ఉండిపోయాను.

పోయిన ఆషాఢంలో, మా ఆడి నెలలో, ఒక పొద్దున నా ఓపిక అయిపోయింది. రంగరాజులు చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. "రా, మీ ఇంట్లోనే చూద్దాం."

నాకు బుద్ధి చెప్పాలని అతను గడపలోంచే గట్టిగా అడిగాడు. "చిన్నమణీ, బొమ్మ ఎట్టుండాదో బలరామన్నకు చెప్పు!"

ఆమె టీవీకి ఎదురుగా కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తెర మీద సగం మొహం గళ్ళుగా విరిగి, కదలకుండా నిలిచిపోయి ఉంది.

"అద్దం మాదిరి ఉండాదన్నా" అంది, మేం లేని వైపు తిరిగి నవ్వుతూ.

రంగరాజులు తెరకేసి, ఆమె కళ్ళకేసి మార్చి మార్చి చూశాడు. నేను అతని చెయ్యి వదిలేశాను. జన్మలో ఎన్నో జగడాలు గెలిచాను, సిగ్గుపడింది ఆ ఒక్కదానికే.

మర్నాడు నా కారులోనే వేలూరు కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. షుగర్ వల్ల కళ్ళు లోపల దెబ్బతిన్నాయట. ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంటికి నీడలు మాత్రం మిగిలాయి. రెండేళ్ళ ముందు తీసుకొచ్చి ఉంటే కాపాడేవాళ్ళమంది డాక్టరమ్మ.

బయట బెంచీ మీద కూలబడి రంగరాజులు బావురుమన్నాడు. "నాకు ఒక్క మాట చెప్పకపోతివే! దినమూ బొమ్మను అడిగితినే గానీ నిన్ను అడగకపోతినే!"

చిన్నమణి అతని భుజం కోసం తడుముకుంది. "మాట సరిగ్గా వినపడతా ఉండె. బొమ్మ గూడా బాగుంటాదిలే అని చెప్తా వస్తి. కనపడలేదంటే నువ్వు పని ఇడిసిపెట్టి నన్నేసుకొని ఆసుపత్రుల చుట్టూ తిరగతావు. లైను ఏమయిపోతాది? నాకోసరం లైను పోగొట్టుకుంటావా?"

అతను ఏడుపు ఆపేశాడు. ఆ లైను పోయింది ఆమె చెప్పిన 'బాగుండాది' అన్న మాటతోనే.

"లైనుకేం కాలేదు గదా?" అని అడిగింది ఆమె.

ఎన్నడూ నాకు తలవంచనివాడు నోరెత్తొద్దని నాకేసి చూసి చేతులు జోడించాడు. "ఏం కాలేదే. ఒక్క ఇల్లు గూడా పోలేదు" అన్నాడు.

నేను తలాడించాను. అది ఆమెకు కనిపించదని గుర్తొచ్చి, "అవునమ్మా" అన్నాను.