లక్క పిడి కత్తి

నయా పైసలు కొత్తగా వచ్చిన రోజులు. యాలాల్ నుంచి తాండూరు అంగడికి మా అత్తా నేనూ కత్తి కొనడానికి పోయాం. ఇంట్లో కూరలు తరగడానికీ, బయట మేకలకు కొమ్మలు కొట్టడానికీ ఒకటే కత్తి. రెండు కొనే తాహతు లేదు. నేను కాపురానికొచ్చి ఆరు నెలలే. మంచి కత్తి ఏరే పని అత్త నాకే వదిలేసింది.

కమ్మరి దగ్గరివి నల్లగా, మొరటుగా ఉన్నాయి. కోసే అలుగు వెనక తోక పిడి గుండా అవతలికి వచ్చి మలిచి ఉంది. అత్త ఒకదాన్ని గోటితో మీటి, ఖంగుమంటే విని, కింద పెట్టేసింది. పక్కాయన దగ్గర తళతళలాడే అలుగు, ఎర్ర పిడి. వెల అటూ ఇటుగా అంతే.

"నాకెరుకే అత్తా, మా అవ్వగారింట్ల కత్తులన్ని నేనే కొంటుంటి," అన్నాను. పచ్చి అబద్ధం. ఎర్ర పిడిదే తీసుకున్నాను.

ఆ ఎండాకాలం పురుటికొచ్చిన ఆడబిడ్డకు పాలు పడలేదు. మందలో ఒక్క మేకే పాలిస్తోంది, పసిదానికి అవే ఆధారం. ఒక మధ్యాహ్నం అందరూ చేలల్లో ఉండగా ఆ మేక మెడతాడుతోనే గోడ దూకింది. అవతల వేలాడుతోంది. కాళ్లు నేలకు అందడం లేదు, నాలుక బయటికొచ్చేసింది.

పొయ్యిగట్టు మీది కత్తి లాక్కుని ఉరికాను. ఒక చేత్తో మేకను ఎత్తిపట్టి తాడు కోస్తుంటే పిడి ఊడి చేతిలోకొచ్చింది, అలుగు తాడులోనే ఉండిపోయింది. పైన పటారం, లోన లొటారం. లోపల పట్టి ఉంచింది ఉత్త లక్క. రోజూ పొయ్యి పక్కన పెట్టి దాన్ని మెత్తబెట్టింది నేనే. మేక బరువుకు చెయ్యి జారుతోంది. లోపల పసిది ఆకలికి ఏడుస్తోంది, పచ్చి బాలింత లేచి రాలేదు. వట్టి అలుగునే గుప్పిట పట్టి కోశాను. ముందు నా చెయ్యి తెగిందో, తాడు తెగిందో తెలియదు. మేక దబ్బున పడి, కాసేపటికి దగ్గింది.

అత్త వచ్చి పాలు పిండి పసిదానికి తాపింది. నా అరచేతికి పసుపద్ది గుడ్డ చుడుతూ, "లక్క పిడి నిలువదని అంగట్లనే ఎరుక నాకు," అంది.

ఒళ్లు మండిపోయింది. "మరి జెప్పకపోతివి? పసిదాని పానం పోతుండె గద!"

"నువ్వు అడిగితివా? తప్పు జేస్తె నీకే తెలుస్తదని ఊకున్న."

తిడదామని నోరు తెరిచాను, అంగట్లో నేనాడిన అబద్ధం గుర్తొచ్చింది. పసిది మా ఇద్దరి మధ్య చాప మీద నిద్రపోతోంది. దాని మొహం చూడ్డానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.