ఆపాకి నేను చదివిన పేపరు

నాలుగు వందల రోజులు ఒక్కరోజు కూడా తప్పకుండా ఉర్దూ పాఠం చేశానని నేను చెప్పుకోని చోటు లేదు. ఆఫీసులో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, ఆఖరికి పళ్ళ డాక్టరు నోట్లో అద్దం పెట్టబోతుంటే ఆపి మరీ చెప్పాను. ఫోను తెరిస్తే పైన చిన్న మంట బొమ్మ, దాని పక్కన ఆ అంకె ఉండేవి. "ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యమంటావా?" అని వెక్కిరించేవాడు మా ఆయన. కుళ్ళు అనుకునేదాన్ని.

నిజానికి నాకు అలిఫ్, బే అని ఉర్దూ అక్షరాలు దిద్దించింది ఫోను కాదు, ఆపా. సీతాఫల్‌మండిలో మా బిల్డింగులో మా ఎదురు వాటాలో ఒక్కతే ఉంటుంది. ఉర్దూ మీడియం బడిలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నాకు అమ్మ వయసుది, అయినా బిల్డింగంతా ఆపా, అంటే అక్కా, అనే పిలుస్తుంది కాబట్టి నేనూ అంతే. ఆమె కళ్ళకి నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా ఏడాదో ఏడాదిన్నరో నిలిస్తే గొప్పని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి నుంచి నేనే తీసుకొచ్చాను ఆ రోజు. ఆమె ఏడవలేదు. "వంటింట్ల చేతులతోని తడుముకుంట బతుకుత బేటీ. పొద్దుగాల పేపర్ చదవకుంటె ఎట్లనో, గదే పరేషాన్" అంది.

"నాకు నేర్పండి ఆపా. మీ చూపు తగ్గేలోపు నేర్చుకుని రోజూ నేనే చదివి పెడతా" అన్నాను. నన్నెవరూ అడగలేదు. నా అంతట నేనే అన్నాను.

నాలుగు నెలలు సాయంత్రాలు ఆమె దగ్గర కూర్చున్నాను. మెచ్చుకోవడం ఆమెకి చేతకాదు. పది మాటలు రాస్తే తొమ్మిది కొట్టేసేది. సరిగ్గా చదివితే "ఊఁ" అని తర్వాతి లైను మీద వేలు పెట్టేది, అంతే. ఒకరోజు మా స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే, పేరు బోర్డు మీద పుట్టినప్పటి నుంచీ గీతల్లాగే చూసిన ఉర్దూ వరుస హఠాత్తుగా సీతాఫల్‌మండి అని పలికింది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. వచ్చిన రైలు వదిలేసి ఇంకో రెండుసార్లు చదువుకున్నాను. దానికి నాకెవరూ పాయింట్లు వెయ్యలేదు.

పాయింట్లు తర్వాత వచ్చాయి. ఆఫీసులో ఒకమ్మాయి నా ఫోనులో ఈ ఆట పెట్టింది. ఆటే అది, పాఠం అని పేరు. సరైన బొమ్మ నొక్కితే బూర ఊదుతుంది, నక్షత్రాలు రాలతాయి. ముక్కూ మొహం తెలియని ముప్ఫై మందితో కలిపి మన పేరు ఒక పట్టికలో పెడుతుంది. వారం చివర ఎవరి పాయింట్లు ఎక్కువైతే వాళ్ళు పై మెట్టుకి వెళ్తారు. పిల్లి బొమ్మ పెట్టుకున్న ఎవరో నన్ను మూడు వారాలు వరసగా ఓడించారు. నలభై ఎనిమిదేళ్ళ ఆడదాన్ని, కూర మాడుతుంటే పట్టించుకోకుండా ఆ పిల్లి మీద పంతం పట్టాను.

అక్కడే ఒక కిటుకు దొరికింది. కొత్త పాఠంలో తప్పులు పోతాయి, పాయింట్లు తగ్గుతాయి. పాత పాఠంలో తప్పే ఉండదు. అందుకని మొదటి పాఠాన్నే తిప్పి తిప్పి చేశాను. ఇది ఆపిల్. ఇవి నీళ్ళు. అమ్మాయి నీళ్ళు తాగుతోంది. ఆ అమ్మాయి చేత కొన్ని వందల సార్లు నీళ్ళు తాగించి, పిల్లిని ఓడించి, చంకలు గుద్దుకున్నాను. ఆపా ఇంటికి వెళ్ళడం వారానికి ఒకరోజైంది, తర్వాత ఆఫీసులో పని అని అదీ పోయింది. నేర్చుకోవాలన్న కోరిక ఎప్పుడు చచ్చిపోయిందో నాకు తెలియలేదు, రోజూ ఠంచనుగా కూర్చుంటూనే ఉన్నాను కదా. "ఫోన్ల షురూ చేసినవా? మంచిదే, నాకంటె మంచిగ చెప్తదేమో" అంది ఆపా. నేను మంట బొమ్మ చూపించాను. అప్పటికే ఆమెకి అది కనిపించలేదు.

నేను ఫోను పాఠం మొదలుపెట్టి పదమూడు నెలలు దాటేసరికి ఆమె చూపు వెలుగూ చీకటీ తెలిసే వరకు వచ్చింది. ఒక పొద్దున పేపరు చేత్తో పట్టుకుని మా తలుపు తట్టింది. "ఇగ నీ వంతు బేటీ" అంది నవ్వుతూ.

పేపరు తెరిచాను. ఫోనులో అక్షరాలు చదునుగా, పెద్దగా, పక్కన బొమ్మతో ఉంటాయి. ఇక్కడ చిన్న చిన్న అక్షరాలు ఏటవాలుగా, ఒకదాని భుజమెక్కి ఒకటి కూర్చున్నాయి. ఆపిల్ ఎక్కడా లేదు. మొదటి లైను దాటడానికే చెమటలు పట్టాయి. ఎదురుగా ఆమె చెవి నా వైపు పెట్టి కూర్చుంది. రావట్లేదు ఆపా అంటే అయిపోయేది. నాలుగు వందల రోజులని ఊరంతా చాటిన నోరు ఆ రెండు మాటలకి పెగల్లేదు. పొద్దున టీవీలో తెలుగులో విన్న వార్తలే హైదరాబాదీ హిందీలో, మధ్యమధ్య ఆగుతూ, చదువుతున్నట్టు చెప్పేశాను. "మాషా అల్లా" అంది ఆపా. ఆమె నోట్లోంచి నేను విన్న మొదటి మెచ్చుకోలు అది.

మర్నాటి నుంచి అదే పని. వార్తలైతే టీవీ ఉంది. చావు కబుర్లకి ఏముంది? ఉర్దూ పేపర్లో ఇంతెఖాల్ అని ఒక కాలమ్ వస్తుంది, ఎవరు పోయారు, ఇల్లెక్కడ, జనాజా, అదే అంతిమయాత్ర, ఎప్పుడు అని. ఆపా ఎప్పుడూ ముందు అదే చదివేది. "నా ఉమర్ వాళ్ళకి గిదే ఫస్ట్ పేజీ" అనేది. అక్కడ నాకు అక్షరం ముక్క పట్టుబడలేదు. ఏవో రెండు పేర్లు కల్పించి, ఒకాయన మెహదీపట్నం, ఒకామె మలక్‌పేట అని చెప్పేదాన్ని. ఆమె చేతులెత్తి వాళ్ళ కోసం దువా చేసేది. లేని మనుషుల్ని పుట్టించి, రోజుకిద్దరిని చంపి, ఒక పెద్దామె చేత వాళ్ళకి ప్రార్థన చేయించాను. ఇది రాస్తుంటే కూడా చెవులు కాలుతున్నాయి.

కింది వాటా వాళ్ళకి ఒక కోడలుంది, ఉర్దూ మీడియంలోనే చదివింది. ఒకసారి పైకొచ్చి, "రోజు మీకెందుకు తక్లీఫ్ ఆంటీ, ఆపాకు నేను చదివి పెడత" అంది. "నేనున్నాగా" అని పంపించేశాను. ఆమె ఒక్క రోజు చదివితే నా బండారం బయటపడుతుందని భయం.

ఇలా రెండు నెలలు. ఒక ఆదివారం మేం పేపరు ముందు కూర్చుని ఉండగా ఒకాయన వచ్చాడు. ఆపాతో పాటు ఒకే బడిలో ఇరవయ్యేళ్ళు పనిచేసిన స్నేహితురాలి కొడుకు. ఆ స్నేహితురాలు ఇతని ఉద్యోగంతో పాటు ఊళ్ళు తిరిగి, ఫోను నంబర్లు పోయి, కొత్తగా చిలకలగూడకి వచ్చారట. ఆవిడ పోయి నెల దాటిందట. నలభయ్యో రోజు కార్యానికి పిలవడానికి, పాత డైరీలో చిరునామా వెతుక్కుని వచ్చాడు.

"అమ్మ ముందే చెప్పింది" అన్నాడు ఉర్దూలో. "పేపర్లో వేస్తే చాలు, ఆమె రోజూ చూస్తుంది, తప్పకుండా వస్తుంది అని. మీ కోసం చాలాసేపు ఆగాం." జేబులోంచి ఆనాటి పేపరు ముక్క తీసి, ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆపా ఆ ముక్కని వేళ్ళతో తడుముతూ, "నువ్వు చూడలేదా బేటీ?" అంది. అప్పుడు చెప్పాను. టీవీ సంగతి, పాయింట్ల సంగతి, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రాదని జెర చెప్పుంటె అయిపోతుండె గద. కింద ఆ పిల్ల చదువుతుండె" అంది. మళ్ళీ తనే, "మరి నేను దువా చేసిన వాళ్ళంత ఎవరు?" అని అడిగింది. సిగ్గుతో తల నేలకేసుకున్నాను, ఆమెకి కనబడదని తెలిసి కూడా.

ఆపా పేపరు ముక్క నా వైపు చాపింది. "చదువు" అంది.

రాదన్నాను. "నేను నేర్పినంత రాదా? ఒక్కొక్క అక్షరం చెప్పు" అంది. నూన్ అన్నాను, కాదేమో బే అన్నాను. తప్పితే "మళ్ళ" అంది. ఆవిడ పేరు వచ్చింది. రిటైర్డు టీచరు అని వచ్చింది. గల్లీ పేరు, ఇంటి నంబరు, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అని వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని వింది. ఉర్దూలో నేను మొదటి నుంచి చివరిదాకా నిజంగా చదివిన మొట్టమొదటి విషయం అదే. నాలుగు లైన్లకి పావుగంట పట్టింది. మా గల్లీ నుంచి చిలకలగూడలోని ఆ ఇంటికి ఆటోలో అంతసేపు పట్టదు.